అల్తాయిర్ ఎవరి కొడుకు?

పోయిన రమజాన్‌లో తరావీ చదివి ఇంటికొచ్చేసరికి లోపలి నుంచి అజాన్ వినబడింది. ఇషా ఎప్పుడో అయిపోయింది, ఫజర్‌కు ఇంకా బోలెడు టైముంది. 'ఈ వేళప్పుడు అజాన్ ఏంట్రా?' అంటే, కంప్యూటర్ ముందు నుంచి తల తిప్పకుండానే మావాడు, 'మన మస్జిద్‌ది కాదబ్బా, గేమ్‌లోది' అన్నాడు.

వెనక నిలబడి చూశాను. తెర మీద బగ్దాద్. టైగ్రిస్ నది, ఈంతచెట్లు, కాగితాలూ కితాబులూ అమ్మే బజారు, దూరంగా ఆకుపచ్చ గుంబద్. మనుషులు అరబీలో మాట్లాడుకుంటున్నారు. మావాడు సెట్టింగుల్లో జబాన్ అరబీకి మార్చి, కింద ఇంగ్లిష్ అక్షరాలు పెట్టుకున్నాడు. 2023లో వచ్చిన 'అస్సాసిన్స్ క్రీడ్ మిరాజ్' ఇది. మిరాజ్ అంటే ఎండమావి, మన మేరాజ్ కాదు. ముందు నేనూ పొరబడ్డాను.

ఈ సిరీస్‌లో మొదటి ఆట 2007లో వచ్చింది. పెళ్లికి ముందు, డెస్క్‌లో నైట్ డ్యూటీ చేసే రోజుల్లో, ఒక దోస్తు గదిలో దాన్ని చివరిదాకా ఆడాను. అందుకే తండ్రీ కొడుకులం ఓ నాలుగు రాత్రులు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. వాడు ఆటను చూశాడు, నేను తారీఖ్‌ను చూశాను. అప్పుడు మనసులో పడ్డ ముల్లు గురించే ఇది.

పాత ఆట కథ 1191లో నడుస్తుంది. అంతకు నాలుగేళ్ల ముందే, 1187 అక్టోబరులో, సుల్తాన్ సలాహుద్దీన్ బైతుల్ ముఖద్దస్‌ను తిరిగి తీసుకున్నాడు. నూరుద్దీన్ జంగీ ఎన్నో ఏళ్ల ముందే హలబ్‌లో చేయించి పెట్టిన చెక్క మింబర్‌ను తెప్పించి మస్జిదె అఖ్సాలో పెట్టించాడు. 1969లో ఒకడు నిప్పుపెట్టి కాల్చేసింది ఆ మింబర్‌నే. 1191 జూలైలో అక్కా నగరం క్రూసేడర్ల చేతికి చిక్కింది. ఆగస్టులో రిచర్డ్ రాజు సుమారు 2,700 మంది ఖైదీలను నరికించాడు. ఆటగాడు దమిష్ఖ్, అక్కా, జెరూసలేం అనే మూడు శహర్ల మిద్దెల మీద దూకుతూ తిరిగేది ఈ రోజుల్లోనే. హీరో పేరు అల్తాయిర్. వాడి ఖిల్లా మస్యాఫ్. సిరియాలో ఇప్పటికీ నిలబడి ఉన్న అసలైన ఖిల్లా అది.

2007 అంటే ఎలాంటి రోజులో మా వయసువాళ్లకు చెప్పక్కర్లేదు. ఇరాఖ్ తగలబడుతోంది. సినిమాల్లో, ఆటల్లో గడ్డం ఉన్నవాడంటే తూటాకు బలయ్యేవాడే. అప్పుడు అరబీ పేరున్న మనిషిని హీరోగా నిలబెట్టడం చిన్న సంగతి కాదు. ఆట మొదలవగానే, దీన్ని తయారుచేసినవాళ్లు రకరకాల మతాలకూ విశ్వాసాలకూ చెందినవాళ్లని తెర మీద ఒక మాట పడుతుంది. ఆ మాటలో భయం కనిపిస్తుంది, అదబ్ కూడా కనిపిస్తుంది.

ఇక లోపాలంటారా, బోలెడు. సిరియా ఖిల్లాలో పెరిగిన అల్తాయిర్ అచ్చం అమెరికావాడిలా మాట్లాడతాడు. నీళ్లలో పడితే చస్తాడు, ఈత రాదు. ప్రతి శహర్‌లో అదే పని: చాటుగా వినడం, జేబు కొట్టడం, ఒకణ్ని పట్టుకుని తన్ని నిజం కక్కించడం, చివరికి ఖత్ల్. మావాడు రెండో శహర్‌కే ఆవలించాడు.

నాకు గుచ్చుకున్నది మాత్రం వేరే. దమిష్ఖ్‌లో అల్తాయిర్ చంపాల్సినవాళ్లలో జుబైర్ అనే ఆలిం ఒకడు. ఊళ్లోని కితాబులన్నీ తెప్పించి కుప్పపోసి తగలబెడుతుంటాడు. ఇది పూర్తిగా అల్లిన పాత్ర. అదే పేరున్న నిజమైన మనిషి ఇబ్నె జుబైర్, అందలూస్ నుంచి హజ్‌కు బయల్దేరిన ముసాఫిర్, 1184లో దమిష్ఖ్‌లో ఉన్నాడు. అక్కడి మద్రసాలనూ, రోగుల పేర్లు రాసి పెట్టుకుని మందులిచ్చే దవాఖానాలనూ మెచ్చుకుంటూ తన సఫర్‌నామాలో రాశాడు. అలాంటి దమిష్ఖ్‌లో ఆటవాళ్లకు దొరికింది కితాబులు కాల్చే ఆలిం.

కొత్త ఆటకొస్తే ఈ విషయంలో చాలా మారారు. మనసారా ఒప్పుకోవాలి. ఖలీఫా మన్సూర్ 762లో గుండ్రంగా కట్టించిన మదీనతుస్సలాం, నాలుగు దర్వాజాలతో సహా కళ్ల ముందుకొస్తుంది. ఇవాళ బగ్దాద్ వెళ్లినా ఆ గుండ్రటి శహర్ ఒక్క గోడ కూడా దొరకదు. శహర్ అంతటా అక్కడక్కడా ఆగితే హమ్మాం గురించో, కాగితం గురించో, వైద్యం గురించో ఒక చిన్న పాఠం తెరుచుకుంటుంది. తారీఖ్ చదివిన ప్రొఫెసర్లను పక్కన పెట్టుకుని రాయించినవి. యంత్రాలు చేసే ముగ్గురు అన్నదమ్ములు, బనూ మూసా, కూడా ఉన్నారు. తమంతట తామే పనిచేసే చిత్రమైన యంత్రాల మీద కితాబుల్ హియల్ రాసింది వాళ్లే.

బైతుల్ హిక్మాను మాత్రం కాస్త ఎక్కువే కట్టారు. దిమిత్రి గుటాస్ లాంటి పరిశోధకులు అది ఇవాళ మనం ఊహించుకునేంత పెద్ద యూనివర్సిటీ కాదనీ, ముఖ్యంగా ఖలీఫాల కితాబ్‌ఖానా అనీ వాదించారు. మన జల్సాల్లో కూడా బైతుల్ హిక్మా పేరెత్తగానే గొంతులు పెరుగుతాయి కాబట్టి ఈ ముక్క మనకూ వర్తిస్తుంది. తర్జుమాలు జరిగింది నిజం. హింద్ నుంచి ఖగోళ గణితం 'సింద్‌హింద్' పేరుతో బగ్దాద్ చేరింది నిజం. దానికి పాలరాతి మహల్ తొడిగించాల్సిన పనిలేదు.

కథాకాలం ఎంచుకోవడంలో తెలివి ఉంది. 861 డిసెంబరులో ఖలీఫా ముతవక్కిల్‌ను సమర్రాలోని తన మహల్‌లో తుర్కీ సిపాయిలే చంపారు. కొడుకు ముంతసిర్‌కు అందులో చేయి ఉందని తారీఖ్ చెబుతుంది. ఆట ఆ హత్యను అన్బార్‌కు లాక్కొచ్చి హీరో బాసిం కథకు ముడేసింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో నలుగురు ఖలీఫాలు గద్దెనెక్కి దిగారు. దిగారంటే మర్యాదకు అంటున్నాను. 869లో బస్రా దగ్గర ఉప్పు నేలల్లో చాకిరీ చేసే నల్లజాతి గులాములు తిరగబడి 14 ఏళ్లు అబ్బాసీ ఫౌజ్‌ను ముప్పుతిప్పలు పెట్టారు. వాళ్ల నాయకుడు అలీ బిన్ ముహమ్మద్ ఆటలో బాసింకు దోస్తు. మా స్కూల్ ఉర్దూ తారీఖ్ కితాబులో హారూన్ రషీద్ వేషం మార్చుకుని రాత్రుళ్లు తిరగడం ఉంది గానీ జంజ్ గులాముల పేరు నేను చదివిన గుర్తు లేదు. ఒక ఫ్రెంచ్ కంపెనీ ఆట మా పిల్లాడికి అది చెప్పింది.

ఇంతవరకూ కొత్తదే మేలు. ఇక ముల్లు సంగతి.

అస్సాసిన్లు అంటే ఎవరు? నిజారీ ఇస్మాయిలీలు. షియాల్లో ఒక జమాత్. 1090లో హసన్ బిన్ సబ్బాహ్ ఇరాన్ కొండల్లో అలమూత్ ఖిల్లాను పట్టాడు. చుట్టూ సల్జూక్ సల్తనత్. ఎదురు నిలవడానికి ఫౌజ్ లేదు కాబట్టి ఒక్క మనిషి, ఒక్క కత్తి అనే దారి పట్టారు. 1092లో వజీర్ నిజాముల్ ముల్క్ హత్య వాళ్ల ఖాతాలోనే ఉంది. సిరియా శాఖకు మస్యాఫ్ నుంచి రషీదుద్దీన్ సినాన్ పెద్ద. అతని ఫిదాయీలు రెండుసార్లు సలాహుద్దీన్ మీదికే వచ్చారు. 1176లో సలాహుద్దీన్ మస్యాఫ్‌ను చుట్టుముట్టి, ఎందుకోగానీ త్వరగానే వెనుదిరిగాడు. 'హషీషీ' అనేది దుష్మన్లు పెట్టిన తిట్టు. ఇప్పటి మన మాటల్లో 'గంజాయి బ్యాచ్' అన్నట్టు. ఆ తిట్టునే పట్టుకుని యూరప్‌వాళ్లు అస్సాసిన్ చేశారు. నషా ఇచ్చి దొంగ జన్నత్ చూపించి ఖత్ల్‌లకు పంపేవారన్న కథను మార్కోపోలో మోసుకెళ్లాడు. అతను అటుగా వెళ్లేసరికే అలమూత్ పడిపోయి 15 ఏళ్లు దాటింది. ఇది ఎంత ఉత్త అఫ్సానానో ఫర్హాద్ దఫ్తరీ 1994లో ఒక కితాబే రాశాడు.

పాత ఆట ఆ అఫ్సానా మీదే నిలబడింది. 1938లో స్లొవేనియా రచయిత బార్తోల్ రాసిన 'అలమూత్' నవల దానికి మూలం. మస్యాఫ్ ఖిల్లా వెనక తోట, అందులో ఆడవాళ్లు, పెద్దాయన హుకుం ఇస్తే గోడ మీంచి దూకే ఫిదాయీలు, అన్నీ ఉన్నాయి. 'ఫారెనోళ్లు ఇంతే' అని ఒక ఉర్దూ మీడియం వాడు అనలేడు. అబ్దుల్ హలీం షరర్ 1899లోనే 'ఫిర్దౌసె బరీఁ' రాశాడు. అదే దొంగ జన్నత్, అదే నషా. హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఉద్యోగం వెలగబెట్టిన షరర్ సాబ్ నవలను తొమ్మిదో తరగతిలో రాత్రంతా దీపం పెట్టుకుని చదివాను. నవల అని మరిచిపోయి తారీఖ్ అనుకున్నాను.

అనుకుని ఊరుకోలేదు. దాదాపు పదిహేనేళ్ల కిందట ఒక ఆదివారం పేజీకి అస్సాసిన్ల మీద ఐటం రాశాను. గంజాయి, హూరీలు, తోట, మొత్తం దట్టించాను. సోమవారం మధ్యాహ్నం ఒక పెద్దాయన ఆఫీసుకే వచ్చారు. తెల్ల షర్ట్, చేతిలో మడిచిన పేపర్. తాము ఖోజా ఇస్మాయిలీలమని చెప్పి, 'బేటా, ఇది మా బుజుర్గుల గురించి. మీరు ఎవరినైనా అడిగి రాశారా?' అన్నారు. కోపం లేదు గొంతులో. నేను షరర్ పేరు చెప్పాను. ఆయన నవ్వి, 'అది నావెల్ కదా' అన్నారు. చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయారు. వాళ్లు ఇవాళ కూడా ఆగాఖాన్‌ను తమ ఇమామ్‌గా మానతారని, ఆ సిలసిలా అలమూత్ మీదుగానే వస్తుందని నాకు అప్పటిదాకా తట్టనేలేదు. సవరణ వేయించాలని అడిగాను. పాత ఐటం, ఎవరు చూస్తారులే అన్నారు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు.

కొత్త ఆటలో ఈ గంజాయి కథ జోలికి పోలేదు. సంతోషించాలి. కానీ ఏం చేశారో చూడండి. 2017లో ఈజిప్టు మీద తీసిన ఆటలో, ఈ రహస్య జమాత్‌ను క్లియోపాత్రా కాలంలోనే ఒక మొగుడూ పెళ్లాం మొదలుపెట్టారని కథ మార్చేశారు. అంటే ఇస్లాం రాకకు ఆరేడు వందల ఏళ్ల ముందు! మిరాజ్‌లో బాసిం చేరే గుంపు అదే. వాళ్ల ఖిల్లా మళ్లీ అలమూతే. హసన్ బిన్ సబ్బాహ్ అక్కడికి రావడానికి ఇంకా 230 ఏళ్లు ఉంది. ఆ ఖిల్లాను తొమ్మిదో శతాబ్దం నడుమ ఒక దైలం పాలకుడు కట్టించాడని చెబుతారు కాబట్టి తారీఖ్ చదివే పెట్టారు. చదివారు, రాళ్లు ఉంచారు, మనుషుల్ని తీసేశారు. ఇమామ్ లేడు, దావత్ లేదు, ఇస్మాయిలీ అన్న మాటే లేదు. పాత ఆట ఆ జమాత్ మీద ఇల్జాం వేసింది. కొత్త ఆట అసలు అలాంటి జమాత్ లేనట్టే నడిచింది. బగ్దాద్ హమ్మాంకు అంత ఇజ్జత్ ఇచ్చినవాళ్లు అలమూత్ మనుషులకు ఇవ్వలేకపోయారు.

అల్తాయిర్ పూర్తి పేరు 'అల్తాయిర్ ఇబ్న్ లా అహద్'. లా అహద్ అంటే ఎవరూ కాదు. ఎవరి కొడుకూ కానివాడు. ఆ పేరు పెట్టినప్పుడు వాళ్లేం ఆలోచించారో గానీ, పదహారేళ్లలో సిరీస్ మొత్తం ఆ పేరుకు తగ్గట్టే అయింది.

ఇక కితాబుల మంట. అది నిజంగానే జరిగింది, దమిష్ఖ్‌లో కాదు. 1256లో హులాగూ ఫౌజ్ అలమూత్‌ను తీసుకున్నప్పుడు, అతని కొలువులోని సున్నీ తారీఖ్‌కారుడు అతామలిక్ జువైనీ అక్కడి కితాబ్‌ఖానాలోకి వెళ్లాడు. ఖురాన్ ప్రతులు, కొన్ని మంచి కితాబులు, నక్షత్రాల్ని చూసే పరికరాలు పక్కకు తీసి, అఖీదా కితాబుల్ని కాల్పించాడు. ఈ మాట దాచుకోలేదు, తన తారీఖ్‌లో ఫఖర్‌గా రాసుకున్నాడు. రెండేళ్లకు అదే ఫౌజ్ బగ్దాద్‌ను తొక్కేసింది. బగ్దాద్ కోసం మనం ఇప్పటికీ ఏడుస్తాం, జుమా ఖుత్బాల్లో వింటాం. అలమూత్ కోసం మనలో ఎవరూ ఏడవగా నేను వినలేదు. అస్సాసిన్ల గురించి షరర్‌కైనా, బార్తోల్‌కైనా, నాకైనా చేరినదాంట్లో పెద్ద వాటా వాళ్ల కితాబులు కాల్చినవాడి కలం నుంచే వచ్చింది.

ఇదంతా మావాడికి ఒక రాత్రి చెప్పాను. సగం విన్నాడు. ఈద్ తర్వాత ఇతవారం పొద్దున గోల్కొండ కింద కుతుబ్‌షాహీ గుంబద్‌లకు తీసుకెళ్లాను. 2013 నుంచి పదేళ్లకు పైగా ఆ గుంబద్‌లనూ బావుల్నీ బాగుచేసి 2024లో పూర్తిచేసింది సర్కారుతో కలిసి ఆగాఖాన్ ట్రస్ట్. సున్నం పని చేసిన మేస్త్రీల ఓపిక గోడల మీద కనిపిస్తుంది. సిరియాలో మస్యాఫ్ ఖిల్లాకు మరమ్మతు చేయించింది కూడా ఈ ట్రస్టే అని చెబితే మావాడు ఫోన్ తీసి వెతికాడు. మస్యాఫ్ అసలు ఫొటో, ఆటలోని ఫొటో పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

'అబ్బా, నిజం ఖిల్లా వెనక తోట లేదు.'

'లేదు బేటా.'

'మరి నువ్వు పేపర్లో రాసింది?'

ఆ ఐటం కటింగ్ ఇంట్లో సందూక్‌లో ఉంది. ఖోజా సాబ్ ఇప్పుడు ఉన్నారో లేరో. ఈ పోస్టు ఆయన ఇంటివాళ్లెవరైనా చదివితే, పదిహేనేళ్లు లేటయిన సవరణ ఇదే అనుకోండి. మాఫీ చాహ్తా హూఁ.