అడుగుల లెక్క

మా అల్లూరు వైపు ఊళ్లలో బండలాగుడు పోటీ జరిగితే బరి పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు వేస్తారు. ఒక కుర్చీలో మైకు పట్టుకున్న మనిషి, రెండో దాంట్లో నేను. నా చేతిలో స్టాప్‌వాచీ, ముందర లెక్కల పుస్తకం. ఎద్దుల్ని తోలడం నాకు చేతకాదు. తోలినవాళ్లు ఎన్ని అడుగులు లాగించారో రాయడం నా పని. "తర్వాతి జత ఫలానా ఊరు, సిద్ధంగా ఉండాలి" అని మైకులో రాగానే ఆ ఊరివాడు టీ గ్లాసు సగంలో వదిలేసి పరుగెత్తుకొస్తాడు. ఎద్దులు వాడివి కావు, ఉలవలు వాడు పెట్టింది లేదు. అయినా గంట కొట్టినప్పటి నుంచీ ఆ జత వాడిదే.

చూడనివాళ్ల కోసం ఆట ఎట్టా ఉంటుందో చెబుతాను. చదును చేసిన పొడవాటి బరి. దీర్ఘచతురస్రంగా చెక్కిన రాతిబండ, దానికి ఇనుప కొక్కెం, గొలుసు, కాడి. గంట మోగగానే జత బండను అవతలి కొస దాకా ఈడ్చుకుపోవాలి, అక్కడ తిరగాలి, మళ్లీ ఇవతలికి రావాలి. విభాగాన్ని బట్టి పది నిమిషాలో, పదిహేనో, ఇరవయ్యో ఇస్తారు. ఆ లోపల ఎన్ని అడుగులు లాగితే అంత. నేరుగా లాగడం కాస్త మేత తిన్న జత ఏదైనా లాగుతుంది. ఆటంతా మలుపులో ఉంది. లోపలి ఎద్దు కాళ్లు తన్నిపెట్టి నిలవాలి, వెలపలిది దాన్ని చుట్టుకొని రావాలి. బండ అడ్డం తిరిగి అంచు మట్టిలో దిగబడిందా, తోలేవాళ్లు గొంతు చించుకున్నా కదలదు. వాచీలో ముల్లు మాత్రం ఆగదు.

వయసు తేల్చేది పళ్లను బట్టి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. పశువుకు పైదవడన ముందరి పళ్లుండవు గనక కింది పెదవి వంచి చూస్తాం. చిన్న చిన్న పాలపళ్ల నడుమ వెడల్పాటి జత ఒకటి దిగితే రెండేళ్లు దాటినట్టు. ఆ తర్వాత కొద్ది నెలలకో జత చొప్పున మారి, అయిదేళ్లు వచ్చేసరికి ఎనిమిదీ నిండుతాయి. చిగురు చీల్చుకొని సగం కనపడే పన్నును లెక్కలో వేయాలా వద్దా అన్న తగాదాలో నేను విన్నన్ని తిట్లు పంచాయతీ ఎన్నికల్లోనూ వినలేదు.

ఈ ఎద్దులు ఒంగోలు జాతివి. తెల్లటి ఒళ్లు, నిలువెత్తు మూపురం, మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, నల్ల కుచ్చు తోక. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా ఒంగోలు తాలూకా మా నెల్లూరు జిల్లాలోదే. దొరల కాగితాల్లో వీటిని నెల్లూరు పశువులని రాసింది అందుకే. ఇప్పటికీ బ్రెజిల్‌లో వీటిని నెలోరే అనే పిలుస్తారు. 1970లో ఒంగోలుకు సొంత జిల్లా వచ్చింది, రెండేళ్లకు దానికి ప్రకాశం పేరు పెట్టారు. పేరు మాదా మీదా అని రెండు జిల్లాల వాళ్లు బరి దగ్గర సరదాకి వాదించుకుంటూ ఉంటారు. ఎద్దుకు ఆ గొడవ పట్టదు.

మా ఇంట్లో మాగాణి దమ్ముకు దున్నపోతులు, బండికి తెల్ల ఎద్దులు. తీరంలో బండి తోలడమంటే ఇసకలో తోలడం. ఇసకపల్లి ఉప్పు కొఠార్ల నుంచి బస్తాలు ఎత్తుకొని రోడ్డెక్కే లోపల చక్రం మూరెడు దిగబడేది. అట్లాంటి దారిలో ఆగకుండా వచ్చే జతకు ఊళ్లో గౌరవం. పందెం పుట్టింది ఆ గౌరవంలోంచేనని మా నాయన అనేవాడు. ఇద్దరు రైతులు మాటామాటా అనుకోవడం, చక్రాలకు కట్లేసి నిండు బండి లాగించడం, ఓడినవాడు నలుగురికీ కల్లు పోయించడం. ప్రైజు, కమిటీ, రసీదు పుస్తకం అప్పుడు లేవు.

ట్రాక్టరు వచ్చాక దున్నే పని పోయింది, లారీ వచ్చాక బండి పోయింది. పనిలేని ఎద్దును ఎవరు మేపుతారు? ఏ లెక్కన చూసినా తెల్ల ఎద్దు మా ఊళ్లలోంచి పూర్తిగా పోవలసింది. పోకుండా పట్టి ఉంచింది ఈ పోటీయే. సంక్రాంతికి, శివరాత్రికి, ఊరి తిరునాళ్లకు పోటీ పెట్టడం, బహుమతి వేల నుంచి లక్షల్లోకి ఎక్కడం, ఎద్దుల్ని మేపడమే ఒక వృత్తి కావడం, ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. ఇప్పుడు పోటీ జతను సాకేది మామూలు రైతు కాదు. రొయ్యల చెరువులాయన, రైసుమిల్లాయన, కాంట్రాక్టరు. జతకో పనివాడు, నానబెట్టిన ఉలవలు, పాలు, కోడిగుడ్లు, పొద్దున్నే ఇసకలో నడక. ఒక పోటీ నుంచి ఇంకో పోటీకి వ్యానులో, కింద గడ్డి పరిచి. తోలేవాళ్లు కూడా ఊరివాళ్లే కానక్కర్లేదు. పేరున్న తోలేవాడికి కబురు పెడతారు, బేరం మాట్లాడతారు, గెలిస్తే వాటా వేరే.

బయటివాణ్ణి తెచ్చుకొని గెలిస్తే అది ఊరి గెలుపెట్టా అవుతుందని సణిగేవాళ్లు ప్రతి బరిలోనూ ఉంటారు. వాళ్లకు నేను కెనోరా సంగతి చెబుతాను. కెనడాలో అడవులూ సరస్సుల మధ్య చిన్న ఊరు అది. ఆ ఊరికి థిసిల్స్ అని ఐస్ హాకీ జట్టు ఉండేది. 1903లో ఒకసారి, 1905లో ఒకసారి స్టాన్లీ కప్పు కోసం ఒట్టావా మీదికి పోయి ఓడొచ్చారు. 1907 జనవరిలో మాంట్రియల్ పోయి వాండరర్స్‌ను రెండు ఆటల్లోనూ ఓడించి కప్పు తెచ్చుకున్నారు. ఆ రెండు ఆటలకూ బ్రాండన్ జట్టులోని ఆర్ట్ రాస్ అనే ఆటగాణ్ణి డబ్బిచ్చి తెచ్చుకున్నారు. మార్చిలో అదే వాండరర్స్ వచ్చి కప్పు లాక్కుపోయారు. ఉన్నది రెండు నెలలు. ఆ కప్పు గెలిచిన ఊళ్లన్నిట్లో కెనోరా కన్నా చిన్నది ఈనాటికీ లేదు. రాస్ కిరాయి సంగతి పుస్తకాలు తిరగేసేవాళ్లకే తెలుసు, కెనోరా పేరు మాత్రం కప్పు మీద ఉంది. మైకులో ఊరి పేరు వినాలని చందా రాసే మా వాళ్ల తపనా అదే.

కోర్టు సంగతీ చెప్పాలి. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ ఆపమంది. అప్పుడు మా కమిటీలన్నిట్లోనూ గుబులు పుట్టింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు సవరించుకుంటే 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయంది. మా వైపు వాల్‌పోస్టర్ల మీద ఎప్పటినుంచో బలప్రదర్శన అని వేస్తారు, పందెం అన్నమాట రానివ్వరు. నా మటుకు నాకు ముల్లుకర్ర, తోక కొరకడం కనపడితే అడుగులు రాయబుద్ధి కాదు. చెర్నాకోల గాల్లో తిప్పితేనే లాగే జతలు ఉన్నాయి. లాగని జతను కొట్టి లాగించేదానికి పోటీ ఎందుకు?

ఇక బ్రెజిల్. 1868లో ఇంగ్లండు పోతున్న ఓడ ఒకటి సాల్వడార్ రేవులో ఆగితే అందులోని మన పశువుల జత అక్కడే అమ్ముడయిందట. 1878లో లెంగ్రూబర్ అనే ఆయన జర్మనీలో హాంబర్గు జంతుశాలలో వీటిని చూసి మనసుపడి తెప్పించుకున్నాడు. 1960 తర్వాత వచ్చిన కొనుగోలుదార్లు నేరుగా మన పల్లెలకే వచ్చారు. ఇక్కడినుంచి పోయినవి ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో రోగపరీక్షలకు ఆగి, ఆ తర్వాతే బ్రెజిల్ గట్టు మీద కాలు పెట్టాయి. వాటిలో ఒక కోడె పేరు కరవది. ఒంగోలు పక్కన ఆ పేరుతో ఊరుంది. ఇంకోదాని పేరు చేకూరపాడు, అదీ ఆ దాపుల ఊరే. ఊరి పేరునే ఎద్దుకు పెట్టుకున్నారు. ఇరవై కోట్లకు పైబడ్డ బ్రెజిల్ మందలో ఇవాళ ఎక్కువ వాటా ఈ నెత్తురుదే. వాళ్లు పెంచేది మాంసానికి, ఆ మాట మా వాళ్లకు రుచించదు. కానీ పెంచిన తీరు చూడండి. 1938 నుంచి వాళ్ల దగ్గర ఈ జాతికి వంశావళి పుస్తకం ఉంది. ఏ దూడ ఏ తల్లిది, ఏ తండ్రిది, రాసిపెట్టుకున్నారు. 2023లో వేలంలో వయాటినా-19 అనే పశువులో మూడో వంతు వాటా దాదాపు డెబ్బై లక్షల రియాళ్లు పలికింది. ఆ లెక్కన మొత్తం పశువు ఖరీదు రెండు కోట్ల పది లక్షల రియాళ్లు. మన నలభై కోట్ల ఆవు అని ఆ ఫొటో మా ఊళ్లో ప్రతి ఫోనులోనూ తిరిగింది.

అది ఆవు. పంపినవాళ్లెవరూ ఆ ముక్క పట్టించుకోలేదు.

నా పాత పుస్తకాలు తీసి చూస్తే యజమాని పేరుంటుంది, ఊరుంటుంది, పళ్ల సంఖ్య, అడుగులు, అంగుళాలు ఉంటాయి. ఆ గిత్త ఏ ఆవు కడుపున పుట్టిందో ఏ పేజీలోనూ లేదు. ఒంగోలు ఆవు పాలు తక్కువ ఇస్తుంది, పాల కేంద్రంలో పోసే లెక్కకు ఆనదు. అందుకని రైతు జెర్సీనో ముర్రానో కట్టేసుకుంటాడు. కొండాపురం మండలం చింతలదేవిలో దేశీ జాతుల కోసం సర్కారు కామధేను కేంద్రం పెట్టింది, మంచిదే. అయితే పోటీ గిత్తలు కావాలంటే ఊళ్లో ఆవులుండాలి, ఊళ్లో ఆవులుండాలంటే వాటికీ ఏదో ఒక పేరు రావాలి.

అందుకే మొన్న కమిటీ మీటింగులో అన్నాను, మొదటి బహుమతి గిత్తను కన్న ఆవు ఎవరిదో కనుక్కొని, ఆ ఇంటికి వెయ్యినూటపదహార్లు, మైకులో ఒక పిలుపు పెడదామని.

"ఆవేం లాగుద్ది మామా?" అన్నాడొక కుర్రాడు. అందరూ నవ్వారు.

ప్రెసిడెంటు మాత్రం నవ్వలేదు. "ఎంట్రీ ఫారంలో తల్లి యాడిదో ఒక గడి కొట్టించు. నిజం రాస్తారో అబద్ధం రాస్తారో తర్వాత చూద్దాం" అన్నాడు. ఫారాలు కావలిలో ప్రింటుకు ఇచ్చాం. ఆ వెయ్యినూటపదహార్లు ఎవరి ఖాతాలో రాయాలో ఇంకా తేలలేదు.