ఫౌంటెన్ పవర్‌బోట్స్

ఫౌంటెన్ పవర్‌బోట్స్ అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, పామ్లికో నది ఒడ్డున ఉన్న వాషింగ్టన్ అనే చిన్న పట్టణంలో పుట్టి పెరిగిన స్పీడ్‌బోట్ల తయారీ సంస్థ. 1979లో దీన్ని స్థాపించిన రెజీ ఫౌంటెన్ అప్పటికే పేరు మోసిన అవుట్‌బోర్డ్ పడవల రేసర్. మెర్క్యురీ ఇంజిన్ల కంపెనీ తరఫున పడవ పందేల్లో పాల్గొన్నవాడు. సిగరెట్, డోంజీ వంటి ఫ్లోరిడా పేర్లు ఏలుతున్న రంగంలోకి అడుగుపెట్టి, కొద్దికాలంలోనే వాటి సరసన నిలబడ్డాడు.

ఆ స్థానాన్ని సంపాదించిపెట్టింది పడవ అడుగు భాగమే. లోతైన వీ ఆకారపు అడుగు అలలను చీల్చుకుపోతుంది, కానీ నీటి రాపిడి ఎక్కువ. ఫౌంటెన్ పడవల్లో వెన్ను వెంట సన్నని చదును పట్టీ ఉండేది. వేగం పుంజుకున్నాక పడవ బరువులో ఎక్కువ భాగం ఆ పట్టీ మీదే నిలిచేది. అడుగున అడ్డంగా తీర్చిన మెట్ల గుండా పక్కల నుంచి గాలి చొరబడి నీటి పట్టును సడలించేది. వెనుక గోడలోని గంటు వల్ల ప్రొపెల్లర్‌ను మరింత ఎత్తులో బిగించే వీలుండేది. పక్షి ముక్కులా కిందికి వంగిన ముందు కొనను చూసి ఇది ఫౌంటెన్ పడవేనని దూరం నుంచే గుర్తుపట్టేవారు. 2004లో 42 అడుగుల ఫౌంటెన్ పడవ గంటకు 171 మైళ్లు, అంటే దాదాపు 275 కిలోమీటర్లు దాటి వీ అడుగు పడవల్లో రికార్డు నెలకొల్పింది.

నాలుగేళ్లకే పరిస్థితి తలకిందులైంది. 2008లో అమెరికాలో పెట్రోలు గాలన్ ధర 4 డాలర్లు దాటింది. జంట ఇంజిన్ల పడవకు అది పెద్ద దెబ్బ. అంతకంటే లోతైన గాయం అప్పుల వైపు తగిలింది. డీలర్లు పడవలను అప్పు మీదే తెచ్చి షోరూముల్లో పెట్టుకునేవారు, కొనేవారిలోనూ చాలామంది వాయిదాల మీదే కొనేవారు. ఆ ఏడాది ఆర్థిక సంక్షోభంతో రెండు దారులూ ఒకేసారి బిగుసుకున్నాయి. సరిగ్గా అప్పుడే సంస్థ బ్రన్స్‌విక్ కంపెనీ నుంచి బాహా అనే పడవల బ్రాండును కొని తలకెత్తుకుంది. 2009 ఆగస్టులో దివాలా చట్టంలోని 11వ అధ్యాయం కింద రక్షణ కోరింది. 2010లో కొత్త పెట్టుబడిదారుల చేతికి వెళ్లడంతో వ్యవస్థాపకుడి పెత్తనం ముగిసింది.

పతనానికి అప్పులే మొత్తం కారణమనడం సరికాదు. ఈ సంస్థలో నిర్మాణమూ పరీక్షా ప్రచారమూ ఒకే మనిషి చుట్టూ తిరిగేవి. రెజీ కొత్త పడవ స్టీరింగు తానే పట్టేవాడు, కొనుగోలుదారులను తానే పలకరించేవాడు. ఆయన సంస్థను వీడాక పేరు, అచ్చులు మిగిలాయి గాని, ఆ పనితనానికి వెనుక ఉన్న పట్టుదలను కాగితాల మీద కొనలేరు. తర్వాత ఐకానిక్ మెరైన్ గ్రూప్ కింద ఫౌంటెన్, బాహా, డోంజీ ఒకే గూటికి చేరాయి. ఒకప్పుడు విడివిడిగా పోటీపడిన పేర్లవి.

ఈలోగా కొనేవారి అభిరుచీ మారింది. గరిష్ఠ వేగం కోరేవారు జంట అడుగుల కాటమరాన్లవైపు వెళ్లారు. మిగతావారిని నాలుగైదు పెద్ద అవుట్‌బోర్డ్ ఇంజిన్లు బిగించి, స్టీరింగు నడిమధ్యన ఉండే సెంటర్ కన్సోల్ పడవలు ఆకర్షించాయి. వాటిలో కుటుంబమంతా కూర్చోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు, వేగమూ తక్కువేం కాదు. పొడవాటి ముందు భాగం, వెనుక ఇమిడ్చిన భారీ ఇంజిన్లు గల పాతతరం వీ అడుగు పడవకు గిరాకీ పలచబడింది.