అడవికి తోలిన ఎరువు

పొలమునకు ఎరువు తోలుట మన కందరకు తెలిసినదే. ఇంటి చెత్తను, కొట్టములోని పేడను పెంటదిబ్బపై వేసి, అది చివికి నల్లబడిన పిమ్మట వేసవిలో బండ్లకెత్తి చేలకు చేర్చుదుము. అడవికి ఎరువు తోలిన వారిని గూర్చి మాత్రము మనము వినియుండము. రాలిన ఆకే అడవికి ఎరువు. అయితే చెట్లన్నియు పోయి, రాలుటకు ఆకే లేని నేల మాట యేమి?

మధ్య అమెరికాలోని కోస్టారికా దేశమున, వాయవ్య భాగములో, గ్వానకాస్టే అను సీమ కలదు. మన నల్లమలవలె వేసవిలో ఆకురాల్చు అడవుల సీమ యది. పశువుల మేతకై ఆ అడవులను నరికి, ఆఫ్రికా నుండి వచ్చిన జరాగ్వా అను గడ్డిని పెంచిరి. మందల గిట్టల క్రింద నేల గట్టిపడెను. ఎండిన గడ్డి అంటుకొన్నప్పుడెల్ల చెట్ల మొలకలు మాడిపోయెను. ఆ బీళ్లను మరల అడవిగా మార్చుటకు డేనియల్ జాంజెన్, విన్నీ హాల్‌వాక్స్ అను శాస్త్రజ్ఞ దంపతులు ఏండ్ల తరబడి పాటుపడిరి.

ఆ చేరువనే డెల్ ఓరో అను నారింజరసపు కర్మాగారము వెలసెను. రసము తీయగా మిగిలిన తొక్కలను, పిప్పిని ఏమి చేయవలెనన్నది దానికి పెద్ద చిక్కు. కర్మాగారమువారు తమ అడవిభూమిని సంరక్షణ క్షేత్రమున కిచ్చినచో, తొక్కలను క్షేత్రములోని పాడుబడిన బీటిలో పోసికొనవచ్చునని దంపతులు సూచించిరి. ఒడంబడిక కుదిరెను. 1998లో వేయి లారీల తొక్కలు, అనగా 12,000 టన్నులు, కేవలము 3 హెక్టారుల నేలపై పడినవి. ఆ కంపును, ఆ ఈగలను శ్రోతలే ఊహించుకొందురు గాక! క్రిందనున్న గడ్డి వెలుతురు లేక చచ్చెను. ఈగల పురుగులు తొక్కలను తినివేసెను. కొన్ని నెలలలో అచ్చట నల్లని మెత్తని మన్ను మిగిలెను. మన పెరటి దిబ్బలో జరుగు పనియే యిది.

ఇంతలో పోటీ కంపెనీ యొకటి, జాతీయోద్యానమును చెత్తతో పాడు చేయుచున్నారని వ్యాజ్యము వేసెను. సర్వోన్నత న్యాయస్థానము వాదికే అనుకూలముగా తీర్పు చెప్పగా పని నిలిచిపోయెను. ఆ ఫిర్యాదు వట్టి అసూయవలన పుట్టినదని మేము తలంపము. పోసిననాడు చూచినవారికి అది చెత్తయే కదా! తీర్పునకు నెలలు చాలినవి. అడవికి ఏండ్లు కావలెను.

పదునైదేండ్లు ఆ చోటును పట్టించుకొన్నవారు అరుదు. 2013లో తిమతీ ట్రాయర్ అను యువ పరిశోధకుడు అచ్చటికి పోయి, స్థలమును గుర్తుపట్టలేకపోయెను. బాటకు ఒక ప్రక్క, తొక్కలు పడని తావున, పాత బీడే యున్నది. రెండవ ప్రక్క దట్టమైన అడవి! తూచి లెక్కింపగా నేలపైని చెట్టుచేమల బరువు 176 శాతము అధికమని తేలెను. ఆ ఫలితము 2017లో ప్రకటింపబడెను. గడ్డి చచ్చుటవలన నిట్లు జరిగెనా, నేలకు సారము చేరుటవలననా? రెండును కూడియే పనిచేసియుండునని పరిశోధకుల అభిప్రాయము.

తొక్కలు పోసిన చోట గుర్తుగా పసుపుపచ్చని అక్షరములతో నొక పెద్ద పలక పాతియుండిరి. పలుమారులు పోయి వెదకిన మీదటనే, తీగల మాటున అది దొరకెను.