తలుపులు పీకేసిన లారీలు

పోయిన నెలంతా మా చిన్నమ్మ కొడుకు ఒకటే ప్రశ్నతో నా ప్రాణం తీశాడు. సెకండ్ హ్యాండ్‌లో థార్ కొందామని 2021 మోడల్ బళ్లు రెండు చూసి పెట్టుకున్నాడు. ఒకటి ఏఎక్స్. స్టీల్ రిమ్ములు, 245/75 ఆర్16 టైర్లు, స్క్రీనూ గట్రా ఏమీ లేవు. రెండోది ఎల్‌ఎక్స్. అలాయ్ వీల్స్, 255/65 ఆర్18 టైర్లు, టచ్ స్క్రీను, అన్ని హంగులూ. "కొంటే పైదే కొనాల కదన్నా?" అంటాడు. సమాధానం తన దగ్గర ఉంది, నా దగ్గర తలూపడం ఒక్కటే కావాలి.

సరిగ్గా అప్పుడే నేను రాల్ఫ్ బాగ్నోల్డ్ రాసిన 'లిబియన్ శాండ్స్' చదువుతున్నాను. 1935 నాటి పుస్తకం. అది చదివాక తల అంత తేలిగ్గా ఊగలేదు.

బాగ్నోల్డ్ బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. 1920ల్లో కైరోలో పోస్టింగ్. సెలవు దొరికితే చాలు, తోటి అధికారుల్ని వెంటేసుకుని ఫోర్డ్ కార్లలో ఎడారిలోకి పోయేవాడు. మొదట మోడల్ టీ, తర్వాత మోడల్ ఏ. అప్పటికి ఇసుకకి తగిన బండి అంటే వెనక చక్రాల బదులు రబ్బరు పట్టాలున్నదని పేరు. 1922 డిసెంబరులో బయల్దేరిన అలాంటి బళ్లు ఐదింటితో సిట్రోయెన్ కంపెనీ సహారా దాటించి ప్రపంచమంతా చాటింపు వేసుకుంది కూడా. బాగ్నోల్డ్ బృందానికి అంత స్తోమత లేదు. సొంత జీతాలు, మామూలు కార్లు. అందుకే వాళ్ల ప్రశ్న వేరేగా ఉండేది: ఈ కారుకి ఇంకేం తగిలించాలి అని కాదు, ఇందులోంచి ఏం తీసేస్తే ఇసుక మీద తేలుతుంది అని.

ఆ సరదా ప్రయాణాల్లోనే ఒక పనితనం పోగైంది. ఇసుకలో దిగబడితే చక్రాల కింద పరిచే ఇనప రేకులు. బండిలో ఇనుము దగ్గర దిక్సూచి తప్పు చూపిస్తుంది కాబట్టి ఎండ నీడతో దిక్కు చెప్పే సన్ కంపాస్. రేడియేటర్లో మరిగిన నీళ్లు ఆవిరై పోకుండా ఒక గొట్టంతో పక్కనున్న డబ్బాలోకి పట్టి, ఇంజను చల్లారాక అవే నీళ్లు వెనక్కి పీల్చుకునే ఏర్పాటు. అన్నిటికన్నా ముఖ్యంగా, టైర్లలో గాలి తగ్గించడం.

ఈ గాలి సంగతి దగ్గర కాసేపు ఆగాలి. టైరు నేల మీద వేసే ఒత్తిడి దాదాపుగా దానిలో ఉన్న గాలి ఒత్తిడంతే. ఒక చక్రం మీద 400 కిలోల బరువు ఉందనుకుందాం. 32 పీఎస్‌ఐ గాలి ఉంటే టైరు నేలని తాకే చోటు సుమారు 178 చదరపు సెంటీమీటర్లు, అంటే చాపిన చెయ్యంత. గాలి సగానికి దించితే ఆ చోటు రెట్టింపవుతుంది. టైరు అడుగు బాగా పొడవుగా, కొంచెం వెడల్పుగా సాగుతుంది. ఒంటె పాదం చేసే పని ఇదే. అడుగు వేసినప్పుడు పరుచుకుంటుంది, కూరుకుపోదు. లోతైన గాట్లున్న టైరు చూడ్డానికి మొనగాడిలా ఉంటుంది గానీ, మెత్తటి ఇసుకలో పలుగులా తవ్వుకుని కిందికే పోతుంది. ఇసుక మీద కావాల్సింది పట్టు కాదు, పరుపు.

అలాగని గాలి తీసేసి ఊరుకుంటే కుదరదు. గట్టి రోడ్డెక్కగానే మళ్లీ కొట్టాలి. లేకపోతే టైరు పక్క గోడలు నలిగి, వేడెక్కి, పేలిపోతాయి. కాబట్టి గాలి తియ్యడం ఎంత ముఖ్యమో, తిరిగి కొట్టే పంపు వెంట ఉండటమూ అంతే ముఖ్యం.

1939లో బాగ్నోల్డ్ కెన్యా పోతున్న ఓడ మధ్యధరాలో ఇంకో ఓడని గుద్దుకుని ఆగిపోయింది. అలా ఆయన మళ్లీ ఈజిప్ట్‌లో తేలాడు. 1940 జూన్ 10న ఇటలీ యుద్ధం ప్రకటించింది. పక్కనున్న లిబియా ఇటలీది. ఎడారి లోపలి దారుల్లో శత్రువు ఏం చేస్తున్నాడో కనిపెట్టడానికి ఒక దళం కావాలని బాగ్నోల్డ్ జనరల్ వేవెల్‌కి చెప్పాడు. వేవెల్ ఆరు వారాలు గడువిచ్చాడు. అదే తర్వాత లాంగ్ రేంజ్ డెసర్ట్ గ్రూప్ అయింది. మొదట చేరినవాళ్లు ఎక్కువగా న్యూజీలండ్ వాళ్లు. తర్వాత 1942లో మన అశ్వికదళాల నుంచి ఏర్పడిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా వచ్చి కలిసింది.

ఇంతకీ బళ్లేవి? సైన్యంలో ఈ పనికి పనికొచ్చేవి లేవు. షెవ్రొలే ముప్పై హండ్రెడ్‌వెయిట్ లారీలు, అంటే ఒకటిన్నర టన్ను మోసేవి, కొన్ని అలెగ్జాండ్రియాలో కొన్నారు, మిగతావి ఈజిప్ట్ సైన్యాన్ని అడిగి తెచ్చుకున్నారు. ఫోర్ వీల్ డ్రైవ్ కాదు, సరుకులు తోలుకునే మామూలు బళ్లు. తలుపులు పీకేశారు. ముందు అద్దం పీకేశారు. పైకప్పు పీకేశారు. స్ప్రింగులకి అదనపు పట్టీలు వేశారు. తక్కువ గాలితో నడిచే వెడల్పు టైర్లు వేశారు. దించిన ప్రతి కిలోకీ బదులు పెట్రోలు, నీళ్లు, తిండి, తుపాకులు ఎక్కించారు. వేరియంట్ అంటే వాళ్లకి బరువు లెక్క. తలుపా, నీళ్ల డబ్బానా? అంతే ప్రశ్న.

నాకు బాగా నచ్చిన మలుపు ఇక్కడుంది. 1941లో వాళ్లకి ఫోర్డ్ ఎఫ్30లు వచ్చాయి. ఫోర్ వీల్ డ్రైవ్. కాగితం మీద అన్నివిధాలా పై మెట్టు. కానీ బరువెక్కువ, పెట్రోలు విపరీతంగా తాగేవి. ఎక్కడా బంకు లేని చోట ఎక్కువ తాగే బండి అంటే తక్కువ దూరం పోయే బండి. 1942లో కెనడా నుంచి కొత్త షెవ్రొలేలు రాగానే ఆ దళం మళ్లీ టూ వీల్ డ్రైవ్‌కి తిరిగొచ్చేసింది. టాప్ ఎండ్ వాడి చూసి, వద్దని కిందికి దిగారన్నమాట.

ఈ లెక్కలు చదువుతుంటే ఆటలాగే ఉంటుంది. 1941 జనవరి 31 దాకా. ఆ రోజు కుఫ్రాకి దక్షిణాన జెబెల్ షరీఫ్ కొండల దగ్గర ఒక దళాన్ని ఇటలీ మోటారు దళమూ, విమానాలూ చుట్టుకున్నాయి. లారీలు కొన్ని తగలబడ్డాయి, మిగతావి తప్పించుకున్నాయి. చీకటి పడేదాకా రాళ్ల మధ్య దాక్కున్న నలుగురికి మిగిలింది ఒక డబ్బాలో ఎనిమిది లీటర్లు కూడా లేని నీళ్లు. వాళ్లు లొంగిపోలేదు, దక్షిణానికి నడిచారు. రోనాల్డ్ మూర్ అనే సైనికుడు గాయపడ్డ కాలితో దాదాపు 340 కిలోమీటర్లు నడిచి పదో రోజున ఫ్రెంచి వాళ్ల కంటపడ్డాడు. ఈస్టన్ అనే అతను దొరికాక చనిపోయాడు. మిగతా ఇద్దరూ బతికారు. తలుపు తీసేసిన చోట పెట్టిన నీళ్ల డబ్బాకి ఏం విలువో ఆ నలుగురికి తెలుసు.

యుద్ధం అయ్యాక ఆ బరువు లెక్క మెల్లగా మాయమైంది. 1941లో విల్లీస్ జీపు పుట్టినప్పుడు దానికీ తలుపుల్లేవు. సైన్యం అడిగింది తేలికైన బండి కాబట్టి. 1940ల చివర్లో బొంబాయిలో మహీంద్రా వాళ్లు బిగించడం మొదలుపెట్టింది ఆ విల్లీస్ జీపునే. 2010లో థార్ వచ్చింది, 2020లో కొత్త థార్. ఇప్పుడు వేరియంట్ అంటే తీసేసినవాటి జాబితా కాదు, చేర్చినవాటి జాబితా. ఒక్కో మెట్టుకీ ఒక్కో రేటు.

తమాషా ఏమిటంటే, మావాడి రెండు బళ్లలో బాగ్నోల్డ్ పద్ధతికి దగ్గరగా ఉన్నది కింది మెట్టుదే. 245లో 75 శాతం అంటే టైరు పక్క గోడ ఎత్తు సుమారు 184 మిల్లీమీటర్లు. 255లో 65 శాతం అంటే 166. గోడ ఎత్తుగా ఉంటే గాలి తగ్గించినప్పుడు టైరు బాగా పరుచుకుంటుంది, రాళ్ల దెబ్బ రిమ్ముకి తగలదు. పెద్ద అలాయ్ రోడ్డు మీద అందం.

ఈ మాట చెబితే మావాడు నన్నే ఇరికించాడు. "సరే అన్నా, మాకు ఎడారి యాడుంది?" నిజమే. వాడిది హైదరాబాదు ఉద్యోగం. నెలకోసారి ఆదోని దగ్గర మా చిన్నాయన పత్తి చేను. అది నల్లరేగడి. ఇసుకకి పూర్తిగా తిరగబడ్డ నేల. తడిస్తే జిగురులా టైరు గాట్లలో కూరుకుని దాన్ని నున్నటి గుండు చేసి పెడుతుంది. దానికి ఎడమెడంగా లోతు గాట్లున్న మడ్ టైరు కావాలి, ఆ టైరేమో హైదరాబాదు రోడ్డు మీద హోరెత్తిస్తుంది, తొందరగా అరిగిపోతుంది. పైగా వాన పడ్డాక రెండు రోజులు ఆ చేలోకి ఎవరూ బండి దింపరు. ఆ ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి అది.

అందుకని పుస్తకం పక్కన పెట్టి ఒకటే అడిగాను: "ఆ బండిలో నువ్వు మోసేది ఏంది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాయన్ని" అన్నాడు. చిన్నాయనకి మోకాళ్ల నొప్పులు. ఏడాదిగా చేను చూడలేదు. ఆటోలో ఆ గతుకుల దారి పడదు, కారు పోదు.

ఏఎక్సే తీసుకున్నాడు. మిగిలిన డబ్బుల్లోంచి ఆయన ఎక్కడానికి వీలుగా కింద ఇంకో మెట్టు, లోపల పట్టుకోడానికి గట్టి పిడి వేయిస్తున్నాడు. బాగ్నోల్డ్ అయితే ఆ మెట్టు ముందు పీకేసేవాడేమో. కానీ ఆయన మోసింది నీళ్లు, వీడు మోసేది వాళ్ల నాయన్ని.

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. "అన్నా, టైర్లో గాలి చూసే మీటరు ఏది మంచిది?"