డప్పు ఆగిన పల్లెలు: ఒంగోలు సీమ తొలి క్రైస్తవులు - భయం

బెంగుళూరు తూర్పు శివారున ఉన్న కుందలహళ్ళి పేరులోని ‘హళ్ళి’ మన ‘పల్లె’కు తోబుట్టువు. దాని పొరుగున ఉన్న వైట్‌ఫీల్డు 1882లో, మైసూరు మహారాజు పదవ చామరాజ ఒడెయరు ఇచ్చిన భూమిలో, ఆంగ్లో ఇండియన్ల వలస గ్రామంగా ఏర్పడింది. 1990ల నుంచి ఈ ప్రాంతానికి వచ్చిన వలస వేరు. ఒంగోలు, నెల్లూరు, గుంటూరు, కడప జిల్లాల యువకులు కంప్యూటరు ఉద్యోగాలకూ చదువులకూ ఇక్కడికి చేరారు. వారిలో క్రైస్తవ కుటుంబాలవారు తక్కువేమీ కాదు. వారి ఆదివారపు తెలుగు ఆరాధనల్లో తరచు వినిపించే మాట ‘భయపడకుము’. పరీక్ష, ఉద్యోగం, జబ్బు, పరాయి ఊరిలో ఒంటరితనం - ఈనాటి భయాలు ఇవి. వీరి ముత్తాతలు ఆ మాటను తొలిసారి విన్నప్పుడు వారి ఎదుట ఉన్న భయాలు ఏవి? వాటిని వారు ఎట్లా ఎదుర్కొన్నారు? ఈ వ్యాసంలో ఆ సంగతిని ఒంగోలు సీమకు పరిమితమై పరిశీలించదలచాము. భయానికి కూడా చరిత్ర ఉన్నదని మా అభిప్రాయం.

అమెరికను బాప్టిస్టు మిషనువారు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. మొదటి పాతికేళ్ళలో వారు సాధించినది అత్యల్పం. 1853లో ఈ మిషనును మూసివేయాలా అన్న చర్చ అమెరికాలో జరిగింది. తుదకు కొనసాగించారు గాని, ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు దానికి స్థిరపడిపోయింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యువెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండపై ప్రార్థన చేశారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది.

అయితే అసలు కథ మిషనరీతో మొదలు కాలేదు. అది యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగతో మొదలయింది. ఆయన తోళ్ళ వ్యాపారి, తాళ్ళకొండపాడు వాసి. 1866లో జ్యువెట్ చేతిమీదుగా బాప్తిస్మం పొందాడు. అంతకు ముందే ఆయన రాజయోగ గురువుల శిష్యుడు కావడం విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం. దైవం ఒక్కటే, అది లోపలే ఉన్నది, గ్రామదేవతల కొలుపు వృథా అని ఆ గురువులు బోధించేవారు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యులలో మాదిగ కక్కయ్యను సంప్రదాయం ఇప్పటికీ తలచుకుంటుంది గదా. అంటే పోలేరమ్మ భయం మీద మొదటి దెబ్బ వేసినది తెలుగుదేశపు యోగ పరంపరే. ‘చీకటిలో ఉన్నవారికి వెలుగు చూపితిమి’ అని మిషను నివేదికలు చెప్పే తీరుకు ఈ ఒక్క విషయం చాలినంత సవరణ. కాని గురువు నేర్పినది ఒంటరిగా కూర్చుని సాధించే నిబ్బరం. పేరయ్య తన పల్లెలకు మోసుకువచ్చినది వాడవాడంతా కలిసి నిలబడే నిబ్బరం. మా దృష్టిలో తేడా ఇక్కడ ఉన్నది.

క్లౌ కొత్తగా చేరినవారిని మూడు విషయాలు అడిగాడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలను కొలవరాదు. కుందలహళ్ళిలో కూర్చుని చదివే విద్యార్థికి ఇవి మామూలు మతనియమాలుగా తోచవచ్చు. ఆనాటి పల్లెలో మాత్రం ఇవి మూడూ ఊరి కట్టుబాటుకు మూలస్తంభాలను కదిపే పనులు.

ఎందువల్లనంటే, మాదిగవాడు ఊరికి చెప్పులు కుట్టాలి, కపిలకు తోలు బాన కట్టాలి, కబురు మోయాలి, కరణం మునసబులు పిలిచినప్పుడు వెట్టికి పోవాలి. దానికి ప్రతిఫలం కళ్ళంలో కొలిచి ఇచ్చే గింజలు, ఊళ్ళో చచ్చిన పశువు. ‘ఆదివారం రాను’ అన్నవాడు ఒక దినపు పనినే కాదు, ఆ యేటి గింజలను కూడా పణంగా పెట్టినట్టే. గొడ్డుమాంసం వద్దన్నవాడు చౌకగా దొరికే ఒకే ఒక్క పుష్టికరమైన తిండిని వదులుకొన్నట్టే.

మూడవది అన్నిటికంటె లోతైనది. గత్తర తగిలినా, మశూచి వచ్చినా అమ్మవారికి కోపం వచ్చిందనేవారు. ఆ కోపం చల్లార్చడానికి జాతర, జాతరకు డప్పు, డప్పుకు మాదిగవాడు. మాతంగిగా ఊరి పెద్దలమీద ఉమ్మి వేసి, తిట్టి, వారి మైల పోగొట్టే అధికారం ఆ ఒక్క సందర్భంలో మాదిగ స్త్రీకే ఉండేది. ఊరికి అంటరానివారైనా, దేవతను ఊరితో కలిపే వంతెన వారే. అటువంటివాడు డప్పు కొట్టనంటే రెండు భయాలు ఒక్కసారిగా మీదపడతాయి. నిజంగా అమ్మవారు తన బిడ్డనే తీసుకుపోతే? రేపు ఊళ్ళో రోగం వస్తే నేరం తన వాడమీద వేస్తే? మొదటిది లోపలి భయం, రెండవది బయటిది. రెండవది నిజమయిన సందర్భాలు కొల్లలు. నీళ్ళు తోడుకొనే చోటికి రానివ్వలేదు, పనులు మాన్పించారు, కొట్టారు, దొంగతనాలు అంటగట్టారు. క్లౌ వారికి ప్రార్థన చేయమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. ఇంగ్లీషు అధికారుల వద్దకు వెళ్ళి ఫిర్యాదు చేసే దారి కూడా చూపాడు. దేవునిమీద నమ్మకానికి కచేరీమీద నమ్మకం తోడయింది. ఈ రెంటినీ విడదీసి, ఒకదానినే గొప్పచేసి రాసిన చరిత్రలు మాకు తృప్తినివ్వవు.

పై కులాలవారు వేరొక షరతు పెట్టారు. మాదిగలను చేర్చుకొంటే తమ పిల్లలను బడికి పంపమన్నారు. క్లౌ దంపతులు తటపటాయించారు. ఆ రాత్రి ఎవరికి వారు బైబిలు తెరవగా, కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో, లోకం నీచమని తోసివేసినవారినే దేవుడు ఏర్పరచుకొన్నాడన్న ఘట్టం ఇద్దరికీ తగిలిందని క్లౌ చెప్పుకొన్నాడు. అంటే భయం మాదిగవాడికే కాదు, మిషనరీకి కూడా ఉండేది. పెద్దకులాలు దూరమయితే మిషను మునిగిపోతుందన్న భయం అది.

తరువాత 1876-78 కరువు. మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలన్నీ దాని వాత పడ్డాయి. నేటి కుందలహళ్ళి నేల కూడా ఆనాడు మైసూరు సంస్థానంలోనిదే. 1871లో 50 లక్షలు దాటిన ఆ సంస్థాన జనాభా 1881 నాటికి 42 లక్షలకు పడిపోయింది. 1877లో రిచర్డు టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికీ ఒక అణాకూ కుదించాడు. ఒంగోలు సీమలో కరువు పని అంటే బకింగ్‌హాం కాలువ తవ్వకం. ఇతర శిబిరాల్లో మాదిగలను ఈసడించి తరుముతున్నారని తెలిసి, సర్వే పని నేర్చిన క్లౌ మూడున్నర మైళ్ళ కాలువను తానే గుత్తకు తీసుకొన్నాడు. సంఘపు బోధకులే మేస్త్రీలు. పని ఆపిన వేళల్లో వారు కూలీల మధ్య కూర్చుని, ఈ ఆకలి దేవుడు మిమ్మల్ని విడిచిపెట్టిన గుర్తు కాదని చెప్పేవారు. తామూ అదే ఆకలిలో ఉండి చెప్పిన మాట కావడం చేత దానికి బరువు వచ్చింది.

తిండి కోసం వచ్చి చేరారన్న నింద రాకూడదని క్లౌ సుమారు 15 నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయ నిధులు ముగిసిన తరువాత, 1878 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాడు. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున. క్లౌ నీటిలోకి దిగలేదు. ఆ సంఖ్య మిషను లోకమంతటా మారుమోగింది, ‘బియ్యపు క్రైస్తవులు’ అన్న ఎత్తిపొడుపూ మారుమోగింది. ఆకలినీ విశ్వాసాన్నీ వేరు చేసి తూచగల తక్కెడ ఏ చరిత్రకారుని వద్దా లేదు. నిధులు అయిపోయాక వచ్చారన్నది ఒక సాక్ష్యం. ఊరికి తిరిగిపోయిన తరువాత డప్పు, వెట్టి, కరణం వారికోసం కాచుకొనే ఉన్నారన్నది మరొకటి. రెండవదానిని నిందించేవారు లెక్కలోకి తీసుకోలేదు.

ఈ చరిత్రకు మన ఆధారాలు చాలావరకు ఇంగ్లీషులో ఉన్నాయి. పేరయ్య తానుగా రాసినది లేదు. క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ వృద్ధ బోధకుల నోట విన్న కథలను 1899లో పుస్తకంగా వెలువరించింది. వారి మాట మనకు ఆమె వడపోత ద్వారానే అందుతున్నది. తెలుగులో ఆ లోటును కొంత పూడ్చినది జి. కళ్యాణరావు నవల ‘అంటరాని వసంతం’. బకింగ్‌హాం కాలువ కరువు, క్రైస్తవంలోకి నడిచిన కుటుంబాలు అందులో ఉన్నాయి. అందులోని విశ్వాసం భయాన్ని పూర్తిగా పోగొట్టదు, భయంతో నడిచే శక్తినిస్తుంది. చరిత్రకూ అదే దగ్గరగా ఉన్నదని మేము భావిస్తాము.

ఎందుకంటే భయపెట్టేవారు పోలేదు. 1985 జూలై 17న అదే ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. ప్రాణాలతో బయటపడినవారు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకొన్నారు. ఆ యేడే దళిత మహాసభ పుట్టింది. ప్రార్థన చేసిన ఆవరణే నిరసన శిబిరం కూడా అయింది.

ఈ ప్రశ్నలకు బెంగుళూరుతో ఉన్న సంబంధం కుందలహళ్ళి విద్యార్థులకు పనికివస్తుంది. 1910లో స్థాపితమైన ఇక్కడి యునైటెడ్ థియొలాజికల్ కళాశాలలోనే 1981లో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగం దళిత వేదాంత చింతనకు నాంది అంటారు. కళాశాల అభిలేఖాగారంలో పాత మిషను పత్రాలు ఉన్నాయి. అక్కడికి వెళ్ళేముందు మీ ఇంటి పెద్దలను ఒక మాట అడిగి రాసుకోండి: మన వాడలో డప్పు కొట్టడం ఎవరు మానారు, ఏ యేడు మానారు, ఆ తరువాత ఊరు ఏమి చేసింది? ఈ పీఠం ఆ రాతలను తీసుకొని భద్రపరచగలదు.