ఆదివారం భోజనానికి పిలిచిన ఇల్లు

గాంధీ ఆత్మకథ ‘నవజీవన్’ పత్రికలో వారం వారం అచ్చు కావడం 1925లో మొదలైంది. అంటే నూరేళ్లు నిండాయి. ఆ పుస్తకం పేరెత్తితే అందరికీ దక్షిణాఫ్రికా రైలు గుర్తొస్తుంది, సత్యం గుర్తొస్తుంది. లండన్ అధ్యాయాల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. పంతొమ్మిదో ఏట ఒక కుర్రాడు పరాయి దేశంలో, పరాయివాళ్ల ఇంట్లో భోజనాల బల్ల ముందు కూర్చుని ఇంకో రొట్టె ముక్క అడగడానికి సిగ్గుపడిన కథ అది. ఇవాళ హోస్ట్ ఫ్యామిలీ అని మనం పిలుచుకునే ఏర్పాటుకు ఇంత నిజాయితీగా రాసిపెట్టిన సాక్ష్యం మరొకటి దొరకడం కష్టం. పరాయి ఇంట్లో ఉంటే ఆ దేశపు భాష, మర్యాదలు వంటబడతాయని అందరూ అంటారు. అవి బజారులోనూ దొరుకుతాయి. పరాయి ఇల్లు మాత్రమే నేర్పగలిగింది ఒకటుంది: తన ఇంటి సంగతి తాను నోరు తెరిచి చెప్పుకోవడం. సొంతవాళ్ల మధ్య ఉన్నంతకాలం ఎవరికీ ఆ అవసరం రాదు.

చదువు కోసం ఒకరి ఇంట్లో ఉండటం చాలా పాత సంగతే. జాతక కథల్లో తక్షశిల ఆచార్యుడు కొత్తగా వచ్చిన శిష్యుణ్ణి రుసుము తెచ్చావా, సేవ చేసి చదువుకుంటావా అని అడుగుతాడు. వెయ్యి నాణేలు చెల్లించినవాడు పెద్దకొడుకులా ఇంట్లో ఉంటాడు, చెల్లించలేనివాడు పగలంతా పని చేసి రాత్రి పాఠం చెప్పించుకుంటాడు. ఏడో శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ చదువుకున్న నలందా మాత్రం విహారం, ఇల్లు కాదు. మధ్యయుగాల బొలోన్యాలో దూరదేశాల విద్యార్థులకు ఊళ్లో ఇళ్లు అద్దెకిచ్చేవారు, ఆ అద్దెలు ఖరారు చేయడానికి విద్యార్థుల తరఫునా ఊరి తరఫునా మనుషులు కూర్చునేవారు. స్విట్జర్లాండులో జర్మన్ మాట్లాడే ఇళ్లవాళ్లు తమ పిల్లల్ని ఫ్రెంచి ఇళ్లకు పంపి, వాళ్ల పిల్లల్ని తమ ఇంట్లో పెట్టుకునే ఆనవాయితీ తరాల పాటు సాగింది. మన దగ్గర వారాలు చేసుకుని చదువుకోవడం మొన్నమొన్నటి దాకా ఉంది. సోమవారం కరణంగారింట్లో, మంగళవారం పురోహితుడిగారింట్లో, ఇలా ఏడిళ్లలో ఏడు రోజులు తిని పెద్దవాళ్లయినవారు ఎందరో. ఆకలి బాధ ఎంత ఉన్నా ఆ ఏడిళ్లూ సాధారణంగా స్వకులస్థులవే. కుర్రాడి గోత్రం వాళ్లకు తెలుసు, ఏం తింటాడో తెలుసు. తనెవరో చెప్పుకోవలసిన పని అతనికి పడదు. లండన్ బల్ల దగ్గర తేడా అదే.

1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కిన మోహన్‌దాస్ లండన్ చేరి విక్టోరియా హోటల్లో దిగాడు. చూడవచ్చిన డాక్టర్ ప్రాణ్‌జీవన్ మెహతా హోటలు మాన్పించాడు. ఇంగ్లండు వచ్చేది చదువు కోసం కన్నా ఇక్కడి జీవితం, ఆచారాలు తెలుసుకోవడానికి, అందుకు ఒక కుటుంబంతో ఉండాలి అన్నాడు. మోహన్‌దాస్ ముందు ఒక మిత్రుడి దగ్గర నెల రోజులు అలవాటుపడి, తర్వాత పశ్చిమ కెన్సింగ్టన్‌లో ఒక వితంతువు ఇంట్లో చేరాడు. బేచర్జీ స్వామి అనే జైన సాధువు ముందు తల్లికి ఇచ్చిన మాట సంగతి ఆవిడకు చెప్పాడు: మాంసం, మద్యం, స్త్రీ ముట్టనని. ఆవిడ సరేనంది. కానీ ఆ ఇంటి వంటకు శాకాహారం అంటే ఏమిటో తెలియదు. చప్పిడి వంట, లెక్కగా కోసిన రొట్టె ముక్కలు. భోజనం బాగుందా అని ఆవిడ రోజూ అడిగేది. ఈయన సిగ్గుతో ఏమీ చెప్పేవాడు కాదు. ఆవిడ కూతుళ్లిద్దరూ బలవంతం చేసి ఇంకో ముక్కో రెండు ముక్కలో వడ్డించేవారు. మొత్తం రొట్టె పెట్టినా సరిపోని ఆకలి అని ఆ పిల్లలకేం తెలుసు? ఊళ్లో శాకాహార హోటళ్లు ఉన్నాయన్న మాట కూడా ఆవిడ నోటి నుంచి వచ్చిందే. దాన్ని పట్టుకుని రోజూ మైళ్లకు మైళ్లు నడిచి, చివరికి ఫారింగ్‌డన్ వీధిలో ఒక హోటలు కనిపెట్టాడు. అక్కడే షిల్లింగు పెట్టి, శాకాహారాన్ని సమర్థిస్తూ హెన్రీ సాల్ట్ రాసిన పుస్తకం కొన్నాడు. అంతదాకా అమ్మకిచ్చిన మాట కోసం మానేసిన మాంసాన్ని ఆ తర్వాత తన నమ్మకంతో మానేశాడు. రాజకోటలోనే ఉండిపోయుంటే ఆ మాటకు కారణం వెతుక్కోవలసిన పని పడేదే కాదు.

ఇంతకన్నా గొప్ప సాక్ష్యం ఆదివారాల కథ. మొదటి ఏడాదే సెలవులకు బ్రైటన్ వెళ్లి హోటల్లో భోజనానికి కూర్చుంటే ఏ పదార్థం ఏమిటో రాసిన కాగితం ఫ్రెంచిలో ఉంది. అదే బల్ల దగ్గర కూర్చున్న ఒక ముసలావిడ అతని తికమక చూసి, అందులో మాంసం లేనివేవో చెప్పింది. ఆ పరిచయం అంతటితో తెగిపోలేదు. ఆవిడ తన లండన్ చిరునామా ఇచ్చి, ప్రతి ఆదివారం భోజనానికి రమ్మంది. వెళ్లేవాడు. కుర్రాడి బిడియం పోగొట్టాలని ఆవిడ అమ్మాయిల్ని పరిచయం చేసేది, తనింట్లోనే ఉండే ఒక అమ్మాయితో మాట్లాడమని ఇద్దర్నీ వదిలి వెళ్లేది. మొదట్లో నోరు పెగిలేది కాదు. మెల్లిగా మాటలు వచ్చాయి, వచ్చే ఆదివారం కోసం ఎదురుచూపులూ వచ్చాయి. ఆ రోజుల్లో లండన్‌లో ఉన్న భారతీయ విద్యార్థులు చాలామంది పెళ్లయిన సంగతి దాచేవారు. అక్కడ చదువుకునే వయసులో పెళ్లిళ్లు ఉండవు కనుక చెప్పుకోవడానికి సిగ్గు. ఈయనా దాచాడు. కస్తూర్బా రాజకోటలో ఉంది, ఒడిలో పసివాడు హరిలాల్. ముసలావిడ ఈ స్నేహం నుంచి ఏదో ఆశిస్తోందని తోచినప్పుడు కూర్చుని ఒక ఉత్తరం రాశాడు, కొట్టివేస్తూ, మళ్లీ రాస్తూ. చిన్నప్పుడే పెళ్లయింది, కొడుకున్నాడు, ఇన్నాళ్లూ చెప్పనందుకు బాధగా ఉంది, ఇక మీ ఇంటికి రావద్దంటే తప్పుగా అనుకోను. వెంటనే జవాబు వచ్చింది. ఇద్దరం కడుపారా నవ్వుకున్నాం, నీ తప్పు క్షమించదగిందే, వచ్చే ఆదివారం తప్పకుండా రా, నీ బాల్యవివాహం కథంతా వినాలని ఉంది. ఆ తర్వాత పెళ్లి సంగతి దాచలేదని ఆయనే రాశాడు. సత్యంతో ప్రయోగాలు అని పేరు పెట్టుకున్న పుస్తకంలో చిన్నదే అయినా నిఖార్సయిన ప్రయోగం ఇది. ఒక ఇల్లు ఆదివారం పూట తలుపు తెరిచి పెట్టకపోతే జరిగేది కాదు.

దీనికి అభ్యంతరాలున్నాయి, తేలిగ్గా తీసిపారేసేవి కావు. వలస దేశం కుర్రాడు దొరల ఇంట్లో నేర్చేది దొరల పోకడే కదా అంటారు. గాంధీ బాండ్ వీధిలో పది పౌండ్లకు సూటు కుట్టించుకున్నాడు, పంతొమ్మిది షిల్లింగుల టోపీ కొన్నాడు, నాట్యానికి చేరాడు, మూడు పౌండ్లు పెట్టి వయొలిన్ కొన్నాడు. నిజమే. కానీ ఈ పోకడలన్నీ దుకాణాల్లో, క్లాసుల్లో కొనుక్కున్నవి. ఆ ఇళ్ల బల్లల దగ్గర దొరికినవి వేరు. డబ్బు తీసుకుని అన్నం పెట్టేవాళ్లది ఆతిథ్యం ఎలా అవుతుందన్నది రెండో అభ్యంతరం. తక్షశిల ఆచార్యుడూ వెయ్యి నాణేలు తీసుకున్నాడు. పెద్దకొడుకులా చూడటానికి అవి అడ్డు రాలేదు. కెన్సింగ్టన్ పిల్లలు వేసిన అదనపు రొట్టె ముక్క ఏ బిల్లులోదీ కాదు. మూడోది అన్నిటికన్నా బలమైనది: గాంధీయే ఆ ఏర్పాటు వదిలేశాడు. వారం వారం బిల్లు, మర్యాద కోసం ఆ ఇంటివాళ్లను అప్పుడప్పుడు బయట భోజనానికి తీసుకెళ్లడం, బండి ఖర్చులు, ఇవన్నీ లెక్క చూసుకుని విడిగా గదులు తీసుకున్నాడు, తర్వాత ఒకే గదిలో స్టవ్ మీద వండుకున్నాడు. దీన్నిబట్టి ఆ ఇల్లు విఫలమైందనలేం. తనకేం కావాలో తెలిసినవాడే ఒంటి గదిలో నిలదొక్కుకుంటాడు. అది తెలియడానికి ముందు ఆ ఇల్లు కావలసి వచ్చింది.

ఇంటివాళ్ల వైపు మార్పు రాదా అంటే రవీంద్రనాథ్ ఠాకూర్ జ్ఞాపకాలు చూడాలి. 1878లో పదిహేడేళ్ల వయసులో ఇంగ్లండు వెళ్లి, తర్వాత డాక్టర్ స్కాట్ ఇంట్లో దిగాడు. ఎవరో ఇండియా మనిషి వస్తున్నాడని బెదిరి ఆ ఇంటి చిన్న కూతుళ్లిద్దరూ చుట్టాలింటికి వెళ్లిపోయారు. మనిషి ప్రమాదకరం కాదని కబురందాకే తిరిగొచ్చారు. కొద్ది రోజులకే ఇంట్లో పిల్లవాడైపోయాడు. చీకటిపడ్డాక బల్ల చుట్టూ చేరి, వేళ్లు ఆనించి ఆత్మల్ని పిలిచే ఆట ఆడేవారు. ఒకసారి డాక్టరుగారి పొడవాటి టోపీ మీద చేతులు పెట్టబోతే మిసెస్ స్కాట్ ఉలిక్కిపడి లాక్కుంది, భర్త టోపీని దయ్యం తాకడం ఆవిడ భరించలేకపోయింది. భర్త మీద అలాంటి భక్తి మన ఇళ్లలోనే ఉంటుందన్న నమ్మకం ఠాకూరుకు అక్కడ పోయింది. 1880లో తిరుగు ప్రయాణమైనప్పుడు ఆవిడ చేతులు పట్టుకుని, ఇంత త్వరగా పోయేవాడివి అసలు ఎందుకొచ్చావని ఏడ్చింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ వ్యవహారానికి సంస్థలు వచ్చాయి. 1932లో డొనాల్డ్ వాట్ అమెరికాలో మొదలుపెట్టిన, విద్యార్థుల్ని పరాయి దేశపు ఇళ్లలో ఉంచే ప్రయోగం, యుద్ధంలో అంబులెన్సులు నడిపినవాళ్లు 1947లో పలు దేశాల నుంచి 52 మంది విద్యార్థుల్ని అమెరికాకు రప్పించడం అలాంటివే. ఆ తర్వాత కథ ఒక దారిన నడవదు. కొన్ని దేశాల్లో ఇది వ్యాపారమైంది, కొన్నిచోట్ల స్వచ్ఛంద సేవగా మిగిలింది.  మన తెలుగు పిల్లలు వేల సంఖ్యలో వెళ్తున్నా చాలామందిది నలుగురు తెలుగువాళ్లు కలిసి తీసుకున్న అపార్ట్‌మెంట్. కుక్కర్, కందిపప్పు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ. అద్దె కలిసొస్తుంది, ఒంట్లో బాగోకపోతే చూసేవాళ్లుంటారు, దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ అది ఏడిళ్ల వారాల లాంటిదే, అక్కడ ఎవరూ ఎవరికీ తనెవరో చెప్పనక్కర్లేదు. కొన్ని విశ్వవిద్యాలయ పట్టణాల్లో స్థానిక కుటుంబాలు విదేశీ విద్యార్థుల్ని పండగకో, శని ఆదివారాలకో ఇంటికి పిలుస్తాయి. రెండు రోజుల్లో ఏం తెలుస్తుందని చాలామంది ఆ పిలుపు వదులుకుంటారు. బ్రైటన్ ముసలావిడ ఇచ్చింది వారానికి ఒక పూటే.

ఇప్పుడు బయల్దేరక ముందే ఫారం నింపుతారు: శాకాహారివా, ఏదన్నా పడదా, ఇంట్లో కుక్క ఉంటే ఇబ్బందా. తల్లికిచ్చిన మాట ఒక గడిలో టిక్కుగా మారింది. అయినా ఆ గడిలో పట్టనివి మిగులుతాయి. లండన్లో గుడ్డు మాంసం కాదని ఎవరో చెబితే గాంధీ కొంతకాలం తిన్నాడు. మాట తీసుకున్న తల్లి లెక్కలో గుడ్డూ మాంసమేనని తోచాక మానేశాడు. అక్కణ్ణుంచి ప్రతి పుడ్డింగు దగ్గర, ప్రతి కేకు దగ్గర ఇందులో గుడ్డుందా అని అడగాల్సి వచ్చింది. శనివారం పొద్దున ఏదో దేశంలో ఒక వంటింట్లో, పెనం పొయ్యి మీద పెట్టి ఇంటావిడ వెనక్కి తిరిగి, శాకాహారి అని రాశావు గానీ గుడ్డు తింటావా అని అడుగుతుంది. మా అమ్మ తినదు, నేను తింటాను, గురువారం మాత్రం తినను అని మొదలుపెట్టి, గురువారం ఎందుకో చెప్పడానికి పిల్లవాడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.