టచప్

ఇంగ్లీషులో చిత్రకారుల మాట ఇది: పూర్తయిన బొమ్మకు చివర్లో దిద్దే చిన్న మెరుగు. సినిమావాళ్ల నోట 'టచప్' అయింది. లైట్ల వేడికి మేకప్ చెదిరితే, షాట్‌కీ షాట్‌కీ మధ్య చెమట అద్ది, పౌడరు వేసి, ముఖానికి మళ్లీ కళ తెచ్చే పని. ఏలూరు దగ్గరి కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి మద్రాసులో మొదట చేసింది ఇదే. 1980 నాటి తమిళ చిత్రం 'వండిచక్కరం'లోని పాత్ర పేరుతో ఆమె సిల్క్ స్మిత అయింది. ఆమె అందం గురించి మాట్లాడుకున్నంతగా, ఇతరుల ముఖాలు దిద్దిన ఆ చేతుల శ్రమ గురించి మాట్లాడుకోం, అది అన్యాయం. ఇప్పుడు తాడేపల్లిగూడెం పెళ్లిళ్లలో తలంబ్రాలయ్యాక పెళ్లికూతురి బుగ్గలకు కాస్త బ్లష్ అద్దడమూ టచప్పే. షెడ్డులో కారు గీతలమీద రంగేయడమూ టచప్పే.